తొమ్మిదేళ్ల పిల్లకు బీపీ

ఇరవై ఆరేళ్లుగా బడుల వెంట తిరిగి తిరిగి నర్సమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. ఆ రోజు అది రెండో బడి. విరిగిన బెంచీలు పడేసిన గదిలో కూర్చుని, వరసగా వచ్చే పిల్లల ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూసి రాసుకుంటోంది. ఒంటిగంటకే ఒళ్లు హూనమైపోయింది.

పుల్లలాంటి పిల్ల ఒకతె వచ్చి కూర్చుంది. నాలుగో తరగతి.

"తల నొప్పెడుతోందమ్మా. రోజూనూ."

పెద్దవాళ్ల పట్టీ ఆ సన్నటి చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకని నర్సమ్మ సంచిలోంచి పిల్లల పట్టీ తీసి చుట్టింది. నూట నలభై, తొంభై ఐదు! కాసేపు ఊరికే కూర్చోబెట్టి మళ్లీ చూసింది. మర్నాడు రెండు బస్సులు మారి వచ్చి మరీ చూసింది. అంకె దిగలేదు.

టీచరమ్మ నవ్వేసింది. "పిల్లలకి బీపీ ఏంటండీ, మీరు మరీనూ! ఉంటే మాకుండాలి, వీళ్లతో వేగలేక."

పిల్ల తండ్రి లారీ డ్రైవరు. ఇంటికి వెళ్లి చెబితే విసుక్కున్నాడు. "మా అమ్మకుందంటే అర్థముంది. దీనికెక్కడిదండీ? ముందు మీ మిషన్ బాగుచేయించుకోండి."

వాదించే ఓపిక లేక నర్సమ్మ పెద్ద పట్టీ తీసి అతని చేతికే చుట్టింది. నూట ఇరవై, ఎనభై.

"మిషన్ బాగానే ఉంది బాబూ. తిరగలేక నేనే బాగాలేను. రేపు పిల్లని పెద్దాసుపత్రికి తీసుకురండి. నేనూ వస్తాను."

పొద్దుట వెళ్తే సాయంత్రానికి స్కానింగ్ అయింది. ఒక కిడ్నీకి రక్తం తీసుకెళ్లే నాళం సన్నబడిపోయిందట. ఇంకొన్నాళ్లు ఉపేక్షిస్తే గుండె మీదికి వచ్చేదన్నాడు డాక్టరు. మందులు మొదలుపెట్టి, నెల తిరక్కుండా ఆ నాళాన్ని వెడల్పు చేశారు. పిల్ల తలనొప్పి పోయింది.

తండ్రి తల ఎత్తలేకపోయాడు. "ఆ రోజేదో నోరు జారాను. మనసులో పెట్టుకోకండమ్మా."

"పెట్టుకోడానికి అక్కడ చోటెక్కడుంది బాబూ!" అని ఆమె బస్సు ఎక్కేసింది.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే అక్క అడిగింది: "ఓ పిల్లని గట్టెక్కించి వచ్చావు, ఆ మొహమేంటే?"

"పిల్లల బీపీ చూడమని పోయినేడాదే మాకు చెప్పారక్కా. అంతకుముందు తలనొప్పన్న వాళ్లందర్నీ, ఎండ దెబ్బలే, నీళ్లు తాగి పడుకోండని పంపేశాను. ఎంతమందో లెక్కలేదు."

అక్క లేచి లోపలికి వెళ్లింది. మంచినీళ్లు తెచ్చేసరికి చెల్లెలు కూర్చున్నచోటే నిద్రపోయి ఉంది.