రాగి గనిలో అక్క స్థానం

నా చిన్నప్పుడు నేను కుళ్ళుకున్నది ఒకే ఒక్క మనిషిని చూసి. మా పెద్దమ్మ కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్దది. నోటితో అక్కా అని పిలిచేదాన్ని గానీ కడుపులో మాత్రం మంటే. ఇప్పుడు నాకు అరవై దాటాయి. దువ్వాడలో మనవల మధ్య తీరిగ్గా కూచున్నాను కాబట్టి ఈ మాట సిగ్గుపడకుండా ఒప్పుకోగలుగుతున్నాను.

మా నాన్న విశాఖపట్నం పోర్టులో పనిచేసేవారు. పూర్ణా మార్కెట్ వెనక సందులో అద్దె ఇల్లు. వేసవి సెలవులు ఇవ్వగానే అమ్మ నన్ను తీసుకుని వాళ్ళ నాన్న దగ్గరికి బయల్దేరేది. శృంగవరపుకోట దాకా బస్సు, అక్కడి నుంచి కొండల మొదలు దాకా ఎడ్లబండి, ఆ పైన నడక. తాతయ్య ఉండేది ఊళ్ళో కాదు. మూతపడిన ఒక చిన్న రాగి గని పక్కన రెండు గదుల పెంకుటింట్లో. గని నడిచిన రోజుల్లో ఆయన అందులో రాయి కొట్టారు, మందు కూరి పేల్చారు, చివరికి మేస్త్రీ అయ్యారు. గని మూసేశాక యజమాని ఆయన్నే కాపలాకి ఉంచాడు. పశువులు గోతుల్లో పడకుండా, మిగిలిన ఇనుప సామాను ఎవరూ ఎత్తుకుపోకుండా చూసుకోవడం ఆయన పని. ఆ ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ ఇల్లు.

అమ్మమ్మ లేదు. పెద్దమ్మ కూడా పోయింది. ఖరగ్‌పూర్ పనికి వెళ్ళిన పెదనాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. అందుకని అక్క తాతయ్య దగ్గరే పెరిగింది.

ఆ గని కథ తాతయ్య ఎన్నిసార్లు చెప్పినా వినబుద్ధేసేది. దొరల కాలంలో ఎవరో వేటకొచ్చి, వాన కడిగిన కొండచరియ మీద పచ్చటి మరకలు చూశారట. రాగి చెంబు తోమకుండా వదిలేస్తే చిలుం పడుతుంది కదా, కొండకీ అలాగే పట్టిందనేవారు తాతయ్య. గట్టి నల్లరాయి మధ్యగా తెల్లటి పలుగురాయి చార ఒకటి కొండలోకి పోయింది. ఆ చారలో అక్కడక్కడ ఇత్తడిలా మెరిసే ముక్కలు. అదే రాగి ఉన్న రాయి. వాననీరు పగుళ్ళలోంచి దిగి, అందులో రాగిని కొంచెం కొంచెంగా కరిగించి బయటికి తెచ్చి, గాలి తగిలే చోట పచ్చగా పూసింది. మొదట్లో చార జానెడు వెడల్పు ఉండేదట. లోపలికి పోయేకొద్దీ బెత్తెడు, ఆ తర్వాత వేలెడు. ఒకచోట కత్తి పెట్టి కోసినట్టు ఆగిపోయింది. ఎన్ని యుగాల కిందటో కొండ అక్కడ విరిగి జారిందట. జారిన రెండో ముక్క ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. దాన్ని వెతుకుతూ కిందికి తవ్వారు. నీళ్ళు ఊరాయి. తోడినకొద్దీ ఊరాయి. చివరికి యజమాని విసిగిపోయి పనివాళ్ళందర్నీ పంపేశాడు.

ఈ కథలన్నీ నాకూ చెప్పేవారు. కానీ చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి అక్క భుజం మీదే ఉండేది. నా కడుపుమంటకి అసలు కారణం ఆ చెయ్యి.

పొద్దున్నే గని చుట్టూ తిరగడానికి బయల్దేరితే అక్క ముందు, తాతయ్య వెనక, ఆయన కుడిచెయ్యి దాని ఎడమ భుజం మీద. నడుస్తూ అక్క ఏదో గొణిగేది, ఆయన తలూపేవారు. నేను దగ్గరికి వెళ్తే ఇద్దరూ మాట ఆపేసేవారు. సొరంగంలోకి అక్కని తీసుకెళ్ళి నన్ను గుమ్మం దగ్గరే ఆపేసేవారు. “ఇదే నా కళ్ళు” అనేవారు దాన్ని చూపించి. నాకు క్లాసులో ఫస్టు వచ్చేది. కొత్త గౌను వేసుకుని వెళ్ళేదాన్ని. బడి ముఖమే చూడని ఆ పిల్లలో ఏం ఉందని? నా పుస్తకాల సంచి తెచ్చి, దాని ఎదురుగా కూచుని, గట్టిగా పైకి చదివేదాన్ని. అది పని మానుకుని వినేది. ఒక్కోసారి, చేతులు తుడుచుకుని పేజీ మీద వేలు పెట్టి చూసేది. నేను లాగేసుకునేదాన్ని.

నాకు పదేళ్ళున్నప్పటి వేసవిలో, గని యజమాని కొడుకులు ఒక ఇంజనీరుని పంపారు. మళ్ళీ తవ్వితే లాభం ఉంటుందో లేదో ఆయన చూసి చెప్పాలి. తాతయ్య ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాలి. రెండు రోజుల ముందు నుంచీ తాతయ్యకి నిద్ర లేదు. ఇంజనీరుకి తన మీద నమ్మకం కుదరాలని కంగారనుకున్నాను. అక్క లాంతరు అద్దం తుడిచి, వత్తి సరిచేసి పెట్టుకుంది.

ఆ పొద్దున అమ్మ బట్టలు ఉతకడానికి గెడ్డకి, అంటే కొండవాగుకి, వెళ్ళింది. ఇంజనీరు కొండ ఎక్కి వస్తూ కనిపించాడు. అంత పెద్ద మనిషి ముందు తాతయ్య చెయ్యి అక్క భుజం మీద ఉండటం నేను చూడలేననిపించింది. పెరట్లోకి పరిగెత్తి, “అక్కా, అమ్మ గెడ్డకాడికి నిన్ను బేగి రమ్మంటంది. కాలు జారి పడింది” అన్నాను. పాపం, లాంతరు నా చేతిలో పెట్టి పరిగెత్తింది.

నేను వెళ్ళి తాతయ్య చేతి కింద నా భుజం పెట్టాను. ఆయన వేళ్ళు నా భుజాన్ని ఒకసారి తడిమాయి.

“అక్కేదే?”

“గెడ్డకాడికెల్లింది. నాను తీసుకెల్తాను తాతా.”

ఆయన ఆగిపోయారు. తల పెరటి వైపు తిప్పారు. ఇంజనీరు మళ్ళీ బస్సు అందుకోవాలని తొందరపెడుతున్నాడు. “పదండి పెద్దాయనా” అన్నాడు. తాతయ్య గట్టిగా ఊపిరి తీసుకుని, “నెమ్మదిగా నడు గుంటా” అన్నారు.

నేను నెమ్మదిగా నడవలేదు. ఆ చెయ్యి నా భుజం మీదికి వచ్చిన ఆనందంలో నాకు ఏదీ పట్టలేదు. లోపల చల్లగా ఉంది, గోడల మీద పచ్చటి చారికలు లాంతరు వెలుగులో తడిగా మెరుస్తున్నాయి. సొరంగం మధ్యలో ఆ నీళ్ళు ఊరిన గొయ్యి, దాని మీద అటూ ఇటూ దాటడానికి రెండు చెక్కలు. అది ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నేను చూసి, చెక్కల మీద చెంగుమని గెంతి, అవతలికి వెళ్ళిపోయాను. తాతయ్య చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. వెనక్కి తిరిగేసరికి ఆయన కాలు చెక్క పక్కన ఉత్తగాలిలో దిగిపోతోంది.

ఇంజనీరు వెనక నుంచి నడుం పట్టుకోబట్టి సరిపోయింది. తాతయ్య ఛాతీ చెక్కకి కొట్టుకుంది, మోకాలు చీరుకుపోయింది. నా చేతిలో లాంతరు నీళ్ళలో పడి ఆరిపోయింది. ఆ చీకట్లో ఇంజనీరు టార్చిలైటు వేశాడు. వెలుగు సూటిగా తాతయ్య కళ్ళలో పడింది. ఆ కళ్ళు మూతపడలేదు. రెప్ప కూడా కదల్లేదు.

పదేళ్ళ పిల్లనే అయినా నాకు అర్థమైపోయింది. ఆ చెయ్యి ఎందుకో, ఆ గొణుగుడు ఎందుకో, “ఇదే నా కళ్ళు” అన్న మాట ఎందుకో.

“చూసుకోలేదా?” అన్నాడు ఇంజనీరు.

“కాలు జారింది బాబూ” అన్నారు తాతయ్య. నా కోసం చెయ్యి చాచారు. నేను చెక్క మీద పాక్కుంటూ ఇవతలికి వచ్చి భుజం ఇచ్చాను. ఏడుస్తున్నాను. తిడతారనుకున్నాను. ఆయన నా చెవి దగ్గరికి వొంగి చాలా మెల్లిగా అన్నారు. “ఏడవకు. కంటికి ఏటి కనిపిత్తే అదే సెప్పు. నీకు తోసింది సెప్పకు. చెక్క ఎంత వెడల్పున్నాది?”

“రెండు జానలు.”

“తడిగా ఉన్నాదేటి?”

“కుడిపక్కన తడి. ఎడమపక్కన లేదు.”

అలా ఒక్కో అడుగూ చెప్పుకుంటూ ఆయన్ని గొయ్యి దాటించాను. వొంగమని చెప్పాను. రాయి ఉందని చెప్పాను. ఆయన బరువంతా నా మీద ఉంది. సొరంగం ఎంత పొడవుందో నాకు తెలియదు గానీ, నా బతుకులో అంత దూరం మళ్ళీ ఎప్పుడూ నడవలేదు. అక్క ఇది రోజూ చేస్తోంది, ఒక్క రోజు కూడా ఎవరికీ చెప్పకుండా. ఇంట్లో ఏది ఎక్కడుందో తాతయ్య చేతులకి తెలుసు కాబట్టి అమ్మ కూడా కనిపెట్టలేకపోయింది.

చివర్లో గోడ దగ్గర తాతయ్య ఆగి, అరచేత్తో రాయిని నిమిరారు. ఒకచోట చెయ్యి నిలిచింది. “ఇక్కడ ముట్టుకుని సూడు బాబూ. నున్నగా అద్దంలాగ లేదేటి? కొండ జారినప్పుడు రాయికి రాయి రాసుకుని ఇలగయింది. ఆ పలుగురాయి సార ఇక్కడే తెగింది. ఇక లోపల ఏటీ లేదు.” ఇంజనీరు ముట్టుకుని, టార్చి వేసి చూసి, పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తర్వాత తాతయ్యతో గురువుగారితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

బయటికి వచ్చేసరికి అక్క గెడ్డ నుంచి పరిగెత్తుకొస్తోంది. అక్కడ అమ్మ నిక్షేపంగా బట్టలు ఉతుక్కుంటూ ఉండటం చూసి దానికి విషయం తెలిసిపోయింది. తాతయ్య మోకాలి మీద రక్తం చూసింది. నా వైపు చూసింది. కొడుతుందని నేను కళ్ళు మూసుకున్నాను. అది నా దగ్గరికొచ్చి, “చెక్క కాడ రెండుసార్లు సెప్పాలి. నీకు తెల్దు కదా” అంది. వెనకే వచ్చిన అమ్మకి కూడా నా అబద్ధం సంగతి చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు.

ఇంజనీరు బూట్లు కట్టుకుంటున్నాడు. తాతయ్య అరుగు మీద కూచుని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టారు. “బాబూ, నాకు సూపు పోయి రెండేళ్ళయింది. పేలుడు మందు పొగకో, ముసలితనానికో. మా పెద్దదాని కూతురు, ఈ గుంట భుజం మీద బతికేత్తన్నాను. ఈ కాపలా నానిక సెయ్యలేను. ఆ మాటే అయ్యగారికి సెప్పండి.” అక్క ఏడ్చింది. ఉద్యోగం పోతుందని ఏడుస్తోందనుకుని అమ్మ ఓదార్చబోయింది. తాతయ్య ఆపారు. “దాన్ని ఏడవనియ్యి. రెండేళ్ళయి ఉగ్గబట్టుకున్నాది.”

ఆ నెలలోనే వాళ్ళిద్దరూ మాతో విశాఖపట్నం వచ్చేశారు. గని మళ్ళీ తెరవలేదు. అక్కని బడిలో వేశారు. తనకంటే చిన్న పిల్లల మధ్య కూచుని అ ఆలు దిద్దింది. బస్సు దిగిన రోజే నన్ను పక్కకి పిలిచి అడిగింది, “నీ సంచీ ఒక్కసారి తగిలించుకోనా?” అని. నేను దాని భుజాన్ని చూసి ఏడ్చిన ఆ రెండేళ్ళూ, అది నా భుజాన్ని చూసి ఏడుస్తోందన్నమాట.

నా కుళ్ళు ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధం. నాలుగేళ్ళలో అక్క నా క్లాసుకి వచ్చేసింది, ఆ మరుసటి ఏడు ఫస్టు మార్కు లాగేసుకుంది. నేను అన్నం మానేసి పడుకున్నాను. తర్వాత పోర్టులో, ఓడకెక్కించే ముందు ఖనిజాన్ని పరీక్ష చేసే లాబ్‌లో ఉద్యోగం సంపాదించింది. అప్పుడూ ఒక రోజు పూర్తిగా మొహం ముడుచుకున్నాను.

అయితే తాతయ్య చెయ్యి మాత్రం నాకు వచ్చింది. అక్క బడికి, చదువుకి అలవాటు పడాలని, మార్కెట్టుకి ఆయన్ని తీసుకెళ్ళే పని అమ్మ నాకు అప్పగించింది. జనంలో, రిక్షాల మధ్య, చేపల గంపల పక్కనుంచి, ఒక్కో అడుగూ చెప్పుకుంటూ తీసుకెళ్ళేదాన్ని. తొక్కుడుబిళ్ళ ఆడుతున్న స్నేహితులు పిలుస్తుంటే ఆ చెయ్యి ఎంత బరువుగా ఉండేదో నాకే తెలుసు. దాన్ని దులిపేసుకుని పరిగెత్తాలనిపించిన రోజులున్నాయి. పరిగెత్తలేదు. ఆయన పోయేదాకా ఆరేళ్ళు మోశాను. పోయాక నెలరోజుల పాటు ఎడమ భుజం తేలిపోతున్నట్టుండేది.

ఈ వయసులో కూడా, ఎవరికైనా నాకు దక్కనిది దక్కితే లోపల ఆ పాత మంట లేస్తుంది. ఆర్పడం నాకు చేతకాలేదు. కానీ ఆ రోజు నుంచి ఒక్క అలవాటు అంటుకుంది. ఇంకొకరి స్థానం మీద కన్ను పడినప్పుడు, అక్కడ నిలబడి వాళ్ళు చేస్తున్న పని ఏమిటో ముందు వెళ్ళి అడుగుతాను. చాలాసార్లు జవాబు విన్నాక నోరు మూసుకుని నా చోటికి వచ్చేస్తాను. రాలేనప్పుడు, ఆ పనిలో సగం నాకిమ్మంటాను.