పదిహేనో చెయ్యి

మండలాధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు. జనం ఊరూరా మెంబర్లను గెలిపిస్తారు, ఆ మెంబర్లు ఒక హాల్లో కూర్చుని చేతులెత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. గెలిచిన రోజుకీ చెయ్యెత్తే రోజుకీ మధ్య, మెంబరంత విలువైన ప్రాణి కృష్ణా జిల్లాలో మరొకటి ఉండదు.

రెండువేలు దాటిన కొత్తలో, కొల్లేటి ఒడ్డున చేపలమ్ముకునే మా పిన్ని మెంబరైంది. రెండు వర్గాలకీ ఏడేసి చేతులు. పదిహేనోది పిన్నిది. మా ఊరికి మంచినీళ్ల గొట్టం వేయిస్తానన్నాయనకే ఆవిడ మాటిచ్చింది. ఆ మాట ఇప్పించింది పిన్ని తోడికోడలు. గడపగడపకీ తిరిగి పిన్నికి ఓట్లడిగిందీ ఆవిడే.

అవతలివాళ్లు ఎత్తుకుపోకుండా ఆయన తన మెంబర్లను వ్యానెక్కించి, ఇబ్రహీంపట్నం దగ్గరొక గెస్ట్‌హౌస్‌లో దాచాడు. పిన్నికి తోడు నేను. మేం తిన్న ఇడ్లీలు పేరిస్తే కృష్ణ మీద ఇంకో వంతెన లేచేది. గేటు దగ్గర దోమ కూడా ఏ వర్గమో చెప్పుకుని లోపలికి రావాల్సిందే.

మూడోరోజు మధ్యాహ్నం గెస్ట్‌హౌస్‌కి ఫోనొచ్చింది. పిన్ని తోడికోడలు పోయిందట. సాయంత్రం ఎత్తేస్తారట.

క్యాంపు చూసే పెద్దమనిషి నవ్వాడు. "చావు కబురు చాలా పాత ఎత్తమ్మా! నిన్న ఒకాయనకి తండ్రి పోయాడన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే ఆ తండ్రే ఎత్తి, ఎవర్రా నువ్వన్నాడు."

"మా ఊరికీ ఒకసారి చేసి కనుక్కోండి బాబూ."

"మీ ఊళ్లో ఫోనున్నది ఒక్క కొట్లోనే కదమ్మా. ఆ కొట్టు అవతలివాళ్లది. వాళ్లు నిజం చెబుతారా?"

పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా. నిజమేనంటావా?"

"మొన్న వ్యానెక్కేటప్పుడు పచ్చడి సీసా మూత సరిగా బిగించలేదని ఆవిడ నన్నెంత తిట్టింది! ఆ కేక ఏలూరు దాకా వినపడింది. ఆ గొంతుని మోసుకెళ్లాలంటే యముడు లారీ మాట్లాడుకోవాలి పిన్నీ."

పిన్ని పకపకా నవ్వింది. మళ్లీ అడగలేదు.

మర్నాడు హాల్లో ఆఫీసరుగారు పేరు చదివారు. పిన్ని చెయ్యి లేచింది. ఒక్క చేతి తేడాతో మనవాడు అధ్యక్షుడయ్యాడు. బయట టపాసులు, దండలు. ఆ జనం వెనక, గోడ వారగా, తోడికోడలి కొడుకు నిలబడి ఉన్నాడు. గుండుతో.

"దీపాలు పెట్టేవేళ దాకా ఉంచాం పిన్నీ. నువ్వొస్తావని" అన్నాడు.

పిన్ని మెడలో దండ తీసి పక్కనున్నవాళ్ల చేతికిచ్చింది.

ఏడాదికి గొట్టం వేశారు, నీళ్లొచ్చాయి. పిన్ని నన్ను ఒక్క మాటా అనలేదు. నేను వెళితే ఎప్పటిలా చేపలపులుసు వండి పెట్టేది. కానీ నేను బస్సు ఎన్నింటికో చెప్పినా సరే, "అవునా" అని, వీధిలోకి వెళ్లి ఇంకొకళ్లని అడిగి వచ్చేది.