నోలా తేనెకల్లు, వెర్నా జెలటిన్

హ్యూవన్ లోయలో నోలాకి చేతకాని పని లేదు. ఆపిల్ షెడ్డులో ముప్పై ఏళ్లు పెట్టెలు సర్దింది, ఇద్దరు పిల్లల్ని పెంచింది, తేనెటీగలు కుట్టినా "అబ్బా" అనకుండా తేనె తీసింది. ఓర్చుకోలేనిది ఒక్కటే: పక్కింటి వెర్నా తేనె పులియబెట్టి చేసే తేనెకల్లు.

ఇద్దరిదీ ఒకే అడవిపూల తేనె, ఒకే ఈస్టు. అయినా ఏటా మార్చిలో ఊరి ప్రదర్శనలో మొదటి బహుమతి నీలి రిబ్బను వెర్నా సీసాకే. ఆ సీసాలోంచి చూసి పేపరు చదువుకోవచ్చు, అంత తేట! నోలాది తాగితే అమృతం, చూస్తే కుడితి. పద్నాలుగేళ్లుగా రెండో బహుమతితో సరి. మొదటిది ఒక్కసారైనా కొట్టకుండా చావనని ఒట్టు పెట్టుకుంది.

"వెర్నాది చూడు, ఎంత తేటగా ఉందో," అని మొగుడు క్లెమ్ ఒకసారి నోరు జారాడు. వారం రోజులు అతనికి చల్లారిన మటన్ కూర తప్ప వేరే తిండి లేదు.

ఈ ఏడు ప్రదర్శనకు ముందు, గిన్నె తిరిగివ్వడానికి వెళ్తే వెర్నా వంటింట్లో కల్లు జాడీ పక్కనే జెలటిన్ పొట్లం కనబడింది. జెల్లీ చేసే పొడి! 'అదీ సంగతి!' అనుకుంది నోలా. ఆ వారమంతా హుషారే హుషారు.

ప్రదర్శన రోజు తిన్నగా నిర్వాహకుడు రోలండ్ దగ్గరికెళ్లింది.

"తేనె, నీళ్లు, ఈస్టు. ఇంకేం కలపకూడదని మీరే రాశారు. వెర్నా జెలటిన్ కలుపుతోంది. నా కళ్లారా చూశా."

రోలండ్ మెతక మనిషి. "ఇప్పుడెందుకు లే నోలా..."

"ఎందుకేంటి? ఆ నియమాలు గోడకి అందం కోసమా?"

చేసేది లేక ఆయన వెర్నాని పిలిచి అడిగాడు.

"వేస్తాను," అంది వెర్నా తాపీగా. "మడ్డిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేట వంచుకుంటా. సీసాలోకి ఎందుకొస్తుంది?"

రోలండ్ తలూపాడు. నిషేధం రుచి కోసం వేసేవాటికే, తేటపరిచేవాటికి కాదు. "ఫిర్యాదంటూ వచ్చాక అందర్నీ అడగాలి. నోలా, నువ్వేం వేస్తావు?"

"మా అమ్మ పద్ధతి! కప్పుడు టీ డికాక్షను, గుప్పెడు ఎండుద్రాక్ష. నాలుక మీద ఆ వగరు ఊరికే వస్తుందా?"

అయ్యో పిచ్చిదానా! ఎవరు తీసిన గోతిలో వారే పడతారని పెద్దలు ఊరికే అన్నారా? రోలండ్ నోలా సీసా ముందున్న కార్డు బోర్లించి, దాన్ని పోటీలోంచి తీసేశాడు. ఆ ఏడు రెండో బహుమతి కూడా లేదు.

వెర్నా రిబ్బను చేతపట్టుకుని వచ్చింది. "మనసులో పెట్టుకోకు నోలా. అయినా ఆ జెలటిన్ చిట్కా నాకు చెప్పింది మీ క్లెమే."

పుండు మీద కారం చల్లినట్టయింది. బండెక్కగానే నోలా మొగుడి మీద విరుచుకుపడింది. "పక్కింటావిడకి చెప్తావా? కట్టుకున్నదాన్ని, నేను కనబడలేదా?"

"ముందు నీకే చెప్పానే! 'మా అమ్మ కల్లుకి నీ జెల్లీ పొడి కావాలా' అని గరిటె విసిరావు. ఆవిడకి చెబితే చెవిన పెట్టింది."

నోలాకి అప్పుడు గుర్తొచ్చింది. గరిటె తగిలి అతని చెవి వాచిన సంగతీ గుర్తొచ్చింది. ఈసారి ఆ కోపం ఎవరి మీదా వెళ్లగక్కడానికి లేదు.

 ఇంటి గేటు దగ్గర బండి ఆగాక, ఎటో చూస్తూ గొణిగింది. "ఎంత వేయాలంటావు?"

"వెర్నాని అడుగు," అన్నాడు క్లెమ్. "ఇప్పుడు నాకంటే ఆవిడకే బాగా తెలుసు."