గన్నేరు పూల నీళ్లు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒక పక్క పరమేశ్వరుడు, ఇంకో పక్క మృత్యువు, నడుమ నేను. అంటే, నిజానికి ఒక పక్క గన్నేరు చెట్టు, ఇంకో పక్క పిల్లి. నేను నడుమ గూడా లేను. పత్తి మిల్లులో బేళ్ల మీద నంబర్లు వేస్తాంటిని.

డెబ్బైల చివర్లో ఆ పనికే యెమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చినాను. మాది మగ్గాల ఇల్లు. పుట్టినప్పట్నుంచి టకటకల్లోనే నిద్రపోయినోణ్ణి. ఆదోని గదిలో ఏ సప్పుడూ లేదు. "హాయిగా నిద్ర పడ్తాదిలే" అన్నారు అందరూ. పట్టలేదు.

ఒక సాయంత్రం బూడిదరంగు పిల్లి ఒకటి వచ్చి, నా దుప్పటి మీద పడుకొని గురగురమనింది. మగ్గమంత కాదు గానీ, ఆ పూట నిద్రపోయినాను. అప్పట్నుంచి మిల్లులో జరిగిందంతా దానికే చెప్పేవాణ్ణి. కళ్లు మూసుకొని వినేది. వింటాందో నిద్రపోతాందో నేను ఆరా తీయలేదు. ఊళ్లో నా మాట వినడానికి ఇంకెవరూ లేరు.

ఇంటి యజమాని ఒక అవ్వ. పక్కనున్న ఈశ్వరుని గుడికి పూలివ్వడం వాళ్లింటి సేవ. పెరట్లో ఎర్ర గన్నేరు. సాయంత్రమే పూలు కోసి ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి పెట్టి, తెల్లారి గుడికి పంపేది. గన్నేరు విషమని అవ్వకు తెలుసు, నాకు తెలుసు, వీధిలో పోయే మేకలకూ తెలుసు. కానీ ఆదోనిలో అంతకంటే పెద్ద ధర్మం ఒకటుంది: నీళ్లు పారబోయకూడదు. కుళాయి ఎప్పుడొస్తాదో కుళాయికే తెలీదు. స్నానం చేసిన నీళ్లు గూడా చెట్టుకు పోవాల్సిందే. పూలు తీసేసిన నీళ్లేమో తేటగా ఉన్నాయి. ఆ ఎండాకాలం ఒకరోజు అవ్వ వాటిని పిల్లి చిప్పలో పోసింది.

మధ్యాన్నం అన్నానికి వస్తే పిల్లి మూలన పడి ఉంది. నోట్లోంచి చొంగ, పక్కన వాంతి. లేవబోయి ఒరిగిపోయింది.

"ఏం తినింది అవ్వా?"

"ఏం తినలేదప్పా. నీళ్లే తాగింది."

"యాడి నీళ్లు?"

అవ్వ చిప్ప దిక్కు చూసింది. తర్వాత ఇత్తడి గిన్నె దిక్కు చూసింది.

గోనెసంచిలో దాన్ని పెట్టుకొని సైకిలు తొక్కినాను. పశువుల ఆసుపత్రిలో అన్నీ ఎద్దులే. ముందు నిలబడిన రైతు సంచి చూసి అడిగినాడు.

"ఏముందప్పా దాంట్లో?"

"పిల్లి అన్నా."

"పాలెన్నిస్తాది?"

"పాలివ్వదన్నా, నిద్రిస్తాది."

ఆయన నవ్వినాడు. నా జోకుకు నేను నవ్వకపోవడం అదే మొదలు. నా మొగం చూసి ఆయన నవ్వు ఆపి, "నువ్వు ముందు పోప్పా" అని ఎద్దును పక్కకు లాగినాడు.

పూల నీళ్లు తాగిందని చెప్తే, డాక్టరు దాని రొమ్ము మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉన్నాడు. "గన్నేరు గుండెను పట్టుకుంటాది. ఆకే తినక్కర్లేదు, పూలు నానిన నీళ్లు చాలు" అని, ఏదో నల్లపొడి కలిపి పట్టించి, సాయంత్రం దాకా ఆడనే ఉండమన్నాడు. పక్కన కూర్చొని మిల్లు సంగతులు చెప్పినాను. గురగుర లేదు. చెప్పడానికి సంగతులూ అయిపోయినాయి. మళ్లీ మొదట్నుంచి చెప్పినాను. పొద్దు వాలినాక అది పంజా చాపి నా చెయ్యి గీరింది. అంత మంచి గీరుడు నేనెప్పుడూ ఎరగను.

ఇంటికొస్తే అవ్వ గొడ్డలి పట్టుకొని చెట్టు కింద కూర్చోనుంది. అన్నం ముట్టలేదు.

"నరికేస్తానప్పా."

"మరి దేవుడికేం పెడ్తావవ్వా?"

"పొద్దంతా నా మాటలు వినేది ఈ పిల్లొక్కటే కదప్పా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

అంటే పగలు ఆమెకు, రాత్రి నాకు. ఒకే గోడకు అటొకరం ఇటొకరం, ఒకే పిల్లికి చెప్పుకుంటాంటిమి.

చెట్టు నరకలేదు. చుట్టూ తుమ్మకంప వేసినాం, రాలిన పూలు పొద్దున్నే ఊడ్చేసినాం. ఇంక గిన్నె, నీళ్లు అక్కర్లేదు: గన్నేరు పూలు తడిగుడ్డలో చుట్టి మూతడబ్బాలో పెడితే తెల్లారేదాకా వాడిపోవు.