రాళ్లు రెండేళ్లుండాలి

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది అది. ప్రొద్దుటూరులో మా చేపల అంగడి అప్పుడప్పుడే మళ్లీ కుదురుకుంటోంది. చేపల అంగడి అనగానే పులుసు గుర్తుకు తెచ్చుకోకండి. మావి గాజుతొట్టిలో పెట్టుకుని చూసుకునే చేపలు. అది తెలియక కిలో ఎంతని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తారు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకరోజు జమ్మలమడుగు నుంచి ఖాజాబీ ఫోన్ చేసింది. రెండు మూడు నెలల కిందట మా దగ్గరే అక్వేరియం, గోల్డ్‌ఫిష్‌లు, రంగురాళ్లు కొన్న అమ్మాయి. భర్త కువైట్‌లో ఉంటాడు.

"అన్నా, చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తాండాయి. రెండు సచ్చిపోయినాయి. మా మామ పొద్దున్నుంచి అన్నం కూడా ముట్టల్యా."

ఆ మామ మస్తాన్ సాయిబు. జీవితమంతా దర్జీ పని చేసినవాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆ చేతిని ఆడిస్తూ ఉండమని డాక్టరు చెప్పినా వినేవాడు కాదట. చేపలు వచ్చాక మాత్రం మేత వేయడానికి దాన్ని ఎత్తడం మొదలుపెట్టాడు.

"చేపల కోసరమే ఎత్తుతాడన్నా ఆ చెయ్యి. అవి పోతే అది కూడా పోయినట్టే," అంది ఖాజాబీ.

అంగడి మూసి, సైఫన్ తీసుకుని బస్సెక్కాను. సైఫన్ అంటే రాళ్ల మధ్య మురికిని నీళ్లతో పాటు లాగేసే గొట్టం.

వెళ్లి చూస్తే, కొన్న రాళ్లన్నీ పోసేసినట్టుంది, తొట్టిలో జానెడు ఎత్తున రాళ్లు! మిగిలిన మేత, చేపల మలం ఆ సందుల్లోకి దిగి, గాలి ఆడక కుళ్లిపోయాయి. గాజు పక్కన నల్లటి మచ్చలు, కుళ్లిన గుడ్డు వాసన. నాకు తిక్క రేగింది.

"ఏందమ్మా ఇది? తొట్టి పెట్టుకుంటివా, కంకర క్వారీ పెట్టుకుంటివా? ఒక్కసారన్నా రాళ్లు కడిగినావా?"

"నువ్వే కదన్నా తొట్టి పెట్టేటప్పుడు ఫోన్లో చెప్పింది, రాళ్లు రెండేళ్లుండల్ల అని! ఇంకా మూడు నెలలు కూడా కాల్యా. కదిలిస్తే ఎట్లని ముట్టుకోల్యా."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక రెండు వేళ్లు చాపి ఆమె ముందు ఆడించాను.

"ఏండ్లు కాదు తల్లీ, ఏళ్లు! ఈ ఏళ్లు! రెండేళ్ల మందం!"

మంచం మీద నుంచి నవ్వు వినిపించింది. మస్తాన్ సాయిబు వంకరపోయిన నోటితోనే నవ్వుతున్నాడు. "కొలత... ఇంచిల్లో చెప్పల్లప్పా," అన్నాడు నింపాదిగా. దర్జీతో కొలతల గురించి వాదించేంత ధైర్యం నాకు లేదు.

చేపల్ని బకెట్‌లోకి మార్చి రాళ్లు తోడేశాను. వేళ్లూనే మొక్కలు నాటితే ఇంకాస్త మందం కావాలి గానీ, ఉత్త చేపలకు ఒకటిన్నర ఇంచి చాలు. అంతకు మించితే కడగడం కష్టం, అడుగున విషం. ఇక కడిగిన రాళ్లు పరుస్తూ, "ఎంత ఉంచల్లో నువ్వే కొలువు మామా," అన్నాను.

కుర్చీ తొట్టి దగ్గరికి జరిపాం. ఆయన కుడిచేతిని మెల్లగా పైకెత్తాడు. ముడుచుకున్న వేళ్లలో ఒకటి విప్పాడు, చాలాసేపటికి రెండోది. రెండింటినీ రాళ్ల మందం పక్కన గాజుకు అడ్డంగా ఆనించి, "ఇంకొంచెం తీయి," అన్నాడు. ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

మిగిలిన చేపలు బతికాయి. అప్పటినుంచి ఏ కొలతా నేను ఫోన్లో నోటితో చెప్పి వదిలేయను. అంగట్లో తొట్టి దగ్గర నిలబెట్టి చూపిస్తాను. విన్నవాడికి ఏం అర్థమైందో తిరిగి చెప్పించుకుంటాను.

నెల తర్వాత ఖాజాబీ మళ్లీ ఫోన్ చేస్తే, సైఫన్ ఎక్కడుందో చూసుకుంటూనే ఎత్తాను.

"చేపలు బాగుండాయన్నా. మామే మాట వినడు. గంటకోసారి చెయ్యెత్తి మేత ఏస్తాండాడు. ఏం చేయల్ల?"

మేత ఎక్కువేసేవాళ్లను చెడామడా తిట్టడం నాకు అలవాటు. ఆరోజు మాత్రం, "ఒక్కో మేత పలుకే చేతికియ్యమ్మా, ఎన్నిసార్లయినా ఏయనీ," అన్నాను.