కాస్త మిగిల్చే మెకానిక్

మెకానిక్ బాబాయి ఏ రోబోనూ పూర్తిగా బాగుచేయడు. లోకం అంతమై పదకొండేళ్లయింది గాని ఆయన నియమానికి మాత్రం అంతం లేదు. చెయ్యి విరిగిందని తీసుకెళితే చెయ్యి అతికించి ఒక వేలు వదిలేస్తాడు. కళ్లు బాగుచేస్తే ఆకుపచ్చ రంగు కనబడకుండా చేస్తాడు. అడిగితే, "ఈమాత్రం చాల్లేమ్మా, మనం మాత్రం పూర్తిగా బాగున్నామా" అంటాడు. మిగిలిన ఒక్క వీధిలో ఆయనను తిట్టని గడప లేదు.

అందులో అగ్రతాంబూలం టైలరక్కది. ఆమెకు మనుషుల్లో నా అన్నవాళ్లు లేరు. శిథిలాల్లో దొరికిన రోబోతో ఏడేళ్లుగా కాపురం. ఆ ఆయనగారు కాజాలు కుడతాడు, అక్క దగ్గితే సూది పక్కన పెట్టి వీపు నిమురుతాడు. లోపమల్లా ఎడమ చెవి. ఏం చెప్పినా రెండుసార్లు చెప్పాలి. మనిషి మొగుడైతే నాలుగుసార్లు చెప్పాలనుకోండి, అది వేరే సంగతి.

కిటికీలన్నీ రాలిపోయిన మేడల మధ్య, తన అడుగుల చప్పుడే తన వెంటపడుతుంటే, అక్క మూడు రోజులు వెతికి ఒక చెవి సంపాదించింది. ఆయనగారిని వెంటబెట్టుకుని షాపుకు తెచ్చింది. బాబాయి ఆ చెవిని భక్తిగా అందుకుని, నేలమీద పెట్టి, బూటుతో తొక్కాడు.

"అరెరే, విరిగిందే."

"మీరే తొక్కారు బాబాయ్."

"కాలికి కళ్లుంటాయా అమ్మా?"

"ఇక మీ గడప తొక్కితే ఒట్టు."

అప్పుడే ఏటికి అవతలి ఫ్యాక్టరీలో సైరన్ మోగింది. మోగించడానికి అక్కడ పదకొండేళ్లుగా ఎవరూ లేరు. బూడిదలోంచి పాత రోబోలు లేచి వచ్చాయి. బూజుపట్టిన యూనిఫారాలు, తయారైన నాటి చిరునవ్వులు. వరసగా వీధి దాటి, వంతెన కూలిన చోట కూడా ఆగకుండా, ఒక్కొక్కటే పొగమంచులోకి దిగిపోయాయి. పడిన చప్పుడు లేదు.

ఆయనగారు లేచాడు. అక్కను ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

"డ్యూటీ పిలుపు. పరీక్షించుకుంటున్నాను. చేతులు సరి. కాళ్లు సరి."

"ఏమండీ," అంది అక్క, చొక్కా పట్టుకుని. "ఏమండీ."

"కుడి చెవి సరి. ఎడమ చెవి... మరమ్మతు మిగిలి ఉంది. డ్యూటీకి పనికిరాను." చతికిలబడ్డాడు. "నా చొక్కా అలా పట్టుకున్నావేం?"

ఇంతలో, వీధి చివరింటి మాస్టారు పుస్తకం చూసి ఒక్క నట్టూ వదలకుండా సొంతంగా బాగుచేసుకున్న వంట రోబో, గరిటెతో సహా షాపు ముందునుంచి వెళుతోంది. బాబాయి పానా పట్టుకుని పరుగెత్తి దాని మోకాలి మీద ఒక్కటిచ్చాడు. అది ఆగింది. "మోకాలు... మరమ్మతు మిగిలి ఉంది" అని, కుంటుకుంటూ ఇంటిదారి పట్టింది.

అక్క బాబాయిని ఆయనగారికి వినబడని ఎడమ పక్కకు లాగి గొంతు తగ్గించింది.

"ముందే చెప్పొచ్చు కదా. వీధంతా కలిసి మిమ్మల్ని తిట్టిపోశామే."

"ఈ పిలుపు ఎప్పటికైనా వస్తుందని నాకు తెలుసు. చెబితే మీరు ఈ రోబోలతో అంటారు. వీళ్లకు అబద్ధం చేతకాదు. కావాలని మిగిల్చానని తెలిస్తే దాన్ని మిగిలిన మరమ్మతు కింద లెక్కవేయరమ్మా."

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అన్నాడు ఆయనగారు.

అక్క కళ్లు తుడుచుకుని గొంతు పెంచింది. "ఈ మనిషికి పని చేతకాదండీ. వచ్చే వారం వద్దాం. అప్పటికీ కాకపోతే ఈయన సంగతి చూస్తాను."

"వచ్చే వారమూ కష్టమేనమ్మా," అన్నాడు బాబాయి వినయంగా.

అప్పటినుంచి అక్క ఏ వారమూ తప్పకుండా వచ్చి తిడుతోంది. నిలబడి తిట్టడం కష్టమని బాబాయి ఆమెకో కుర్చీ వేశాడు.