తేటగా ఉన్న కళ్లు

చిన్నప్పుడు మా తమ్ముడి కళ్లు ఒక్క చోట నిలిచేవి కావు. వాకిట్లో తొండ కదిలినా, నోట్లో అన్నం ముద్ద నోట్లోనే ఉంచుకుని అటు చూసేవాడు. పెద్దయ్యాక తాండూరులో బండల పాలిషింగ్ పనికి పోయాడు. నడుము పట్టేసింది. నొప్పికి సూది వేయించుకోవడం మొదలుపెట్టి, చివరికి ఆ సూది లేకపోతే పొద్దు గడవని స్థితికి వచ్చాడు. మరదలు వాడితో వేగలేక, పాపను ఎత్తుకుని పరిగిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమె స్థానంలో నేనున్నా వెళ్లేదాన్నే.

ఆ తర్వాత వాడికి బుద్ధి వచ్చింది. రోజూ పొద్దున్నే రైల్లో వికారాబాద్ వచ్చి, సూది అలవాటు మాన్పడానికి ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర నాలుక కింద పెట్టుకుని, అది కరిగాక మా ఇంట్లో తిని పోయేవాడు. సూది మానేశాడు. పనిలో చేరాడు. కానీ చూపు మెల్లబడింది. పక్కనుంచి పిలిస్తే తల ముందు తిరిగేది, కళ్లు కాస్త ఆగి వచ్చేవి. నాకు భయమేసి డాక్టరమ్మను అడిగాను. ఆమె వాడి ముఖం ముందు పెన్ను అటూ ఇటూ కదిలించింది. పెన్ను ముందు పోతుంటే వాడి చూపు వెనకపడింది.

"కొందరికి ఈ మందుతోని చూపు ఇట్ల మందగిస్తదమ్మా. మత్తుల ఉన్నడని కాదు. మాత్ర మాత్రం ఆపొద్దు" అంది.

వాడి ప్రాణమంతా పాప మీదే. అందుకే తల్లినీ పిల్లనూ తిరిగి పంపమని అడగడానికి పరిగిలో పెద్దమనుషులను కూర్చోబెట్టాం. ఒకరు ఇటునుంచి అడిగితే ఇంకొకరు అటునుంచి అడుగుతున్నారు. వాడి కళ్లు ప్రతి మాటకూ ఆలస్యంగా చేరుతున్నాయి. మరదలి తండ్రి లేచాడు.

"సూడుండ్రి, కండ్లే తిరుగుతలేవు. ఇంక మత్తులనే ఉన్నడు."

"అది మందు మామా! డాక్టరమ్మనే చెప్పింది" అని అరిచాను.

"గదీ మత్తుమందే గద బిడ్డా!"

అందరూ తలలూపారు. ఆ తలలు గోడకేసి కొట్టాలనిపించింది. మర్నాటి నుంచి వాడు వికారాబాద్ రాలేదు. ఫోన్ చేస్తే పని మస్తుగ ఉందన్నాడు.

పెద్దమనుషులు మళ్లీ కూర్చున్న రోజు వాడి ముఖం దగ్గరికెళ్లి చూశాను. నల్లగుడ్లు పెద్దవయ్యాయి. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. ఆవలింతలు ఆపుకుంటున్నాడు. ఎవరు నోరు తెరిచినా చూపు మాత్రం చటుక్కున అటు పోతోంది. మరదలి తండ్రి సంబరపడిపోయాడు.

"ఇగో, సూపు ఎంత తేటగున్నదో! ఏడుస్తుండు పాపం. ఆదివారం తల్లిని, పిల్లను నేనే తోల్కొస్త."

"అది ఏడుపు కాదు మామా, మందు మానిండు, ఒళ్లు తట్టుకుంటలేదు" అన్నాను.

"మళ్ల మొదలుపెట్టకు బిడ్డా. పిలగాడు మంచిగైండు."

తమ్ముణ్ని పక్కకు లాగాను. "సావాలనుందారా నీకు? రేపు పొద్దున రా."

"జర చుప్ ఉండక్కా. పాప ఇంటికి రానీ. అటెంక వచ్చి వేసుకుంట. ఫికర్ చెయ్యకు" అన్నాడు. నవ్వుతూనే వణికాడు. ఎంత తిట్టినా, బతిమాలినా వినలేదు.

వాణ్ని ఈడ్చుకునైనా ఆసుపత్రికి తీసుకుపోదామని శనివారం తాండూరు వెళ్లాను. ఇల్లు ఊడ్చి ఉంది. మంచం మీద కొత్త దుప్పటి. దిండు పక్కన పాపకు కొన్న ఎర్ర గౌను. వాడు నేల మీద పడి ఉన్నాడు, పక్కన సూది. ఆ బాధ ఓర్చుకోలేక మునుపటంత మందూ సూదిలో వేసుకున్నట్టున్నాడు. ఒళ్లు దానికి అలవాటు తప్పాక అంత మందు ప్రాణం తీస్తుందని పాపం వాడికేం తెలుసు! నేను పిలిచాను, కొట్టాను, మళ్లీ పిలిచాను.

ఆదివారం పెద్దాయన మాట తప్పలేదు. తల్లినీ పిల్లనూ తోలుకొచ్చాడు. గోడకు ఆనుకుని కూలబడి, "కండ్లు మంచిగనే ఉండె గద బిడ్డా" అని నన్నే అడుగుతున్నాడు.

పాప వాడి ముఖం మీదికి వంగింది. "నాయినా, ఇటు సూడు" అంది. కాసేపు ఆగి, ఇంకోసారి పిలిచింది.